ఏడు ఉత్తరాలు, ఎకరంనర చేను

నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో పదకొండేళ్ళు ఇంటర్నెట్ సెంటర్ నడిపాను. ఊళ్ళో నన్ను గప్పాల మాణిక్ అంటారు. లేని ముచ్చటకు కాళ్ళూ చేతులూ పెట్టి నడిపిస్తానని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. మొదట్లో మా కనెక్షన్ ఎంత నిదానమంటే, పక్కనున్న కల్హేర్‌కు ఒక మెయిల్ పంపితే, అదే సంగతి చెప్పడానికి సైకిల్ మీద వెళ్ళిన మనిషి చెప్పి, చాయ్ తాగి, తిరిగొచ్చాక గానీ అది ఇక్కడ గడప దాటేది కాదు. ఇందులో సైకిల్ ఒక్కటే పెంచి చెప్పాను. ఆయన నడిచే వెళ్ళాడు.

దుకాణం మూసి చాలా రోజులైంది. అయినా పిల్లలు వచ్చి "కాకా, ఈమెయిల్ లిస్టుతోని పైసలెట్ల సంపాయించినవే? మాకూ చెప్పరాదు" అంటున్నారు. ఇప్పుడు దానికి కోర్సులున్నాయట, సర్టిఫికెట్లున్నాయట. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. కంప్యూటర్లు ఎక్కడ కొన్నాను, లైసెన్సుకు ఎన్నిసార్లు తిరిగాను, అవన్నీ వదిలేస్తున్నాను. నా లిస్టు వల్ల సిర్గాపూర్‌లో ఒక మొగుడూపెళ్ళాల ఎకరంనర కంది చేను పోయింది. అసలు చెప్పవలసింది అదే. మిగిలిందంతా అక్కడి దాకా వచ్చే దారి.

లిస్టు పుట్టిన తీరు

పరీక్ష ఫలితాలకూ హాల్ టికెట్లకూ ఉద్యోగం ఫారాలకూ జనం నా దగ్గరికి వచ్చేవారు. ఫారంలో ఈమెయిల్ అని ఒక గడి ఉండేది. అది ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోదు. కాబట్టి వచ్చిన ప్రతి మనిషికీ నేనే ఒక ఐడీ పుట్టించేవాణ్ణి. మంత్రసానికి కూడా అన్ని కాన్పులు దొరికి ఉండవు.

బోరంచ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అంతా శ్రద్ధగా చూసి అడిగాడు: "ఇగ నా ఉత్తరాలు నీ దుకాణానికొస్తయా?"

"రావు. గాల్లనే ఉంటయి."

"మరి వాన పడితే?"

"తడవకుంట నేను సూసుకుంట, పో."

ఆయన నమ్మి వెళ్ళాడు. మా దిక్కు మనుషులు కాగితాన్ని నమ్మరు, ఆఫీసును నమ్మరు. కానీ తమకు తెలిసిన మనిషి నోటితో చెప్తే నమ్ముతారు. నా వృత్తి మొత్తం ఆ గుణం మీదే నడిచింది.

ఆ ఐడీలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. కొన్నాళ్ళకు, వీళ్ళందరికీ వారానికొక ఉత్తరం పంపితే ఎట్లా ఉంటుందనిపించింది. తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో డబ్బాల్లా కనిపించేవి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాణ్ణి. ఏ ఉద్యోగాలు పడ్డాయి, ఆఖరు తేదీ ఎప్పుడు, కింద ఒక గప్పా. కల్హేర్ అంగట్లో ఒక బర్రె తన యజమాని మిస్డ్ కాల్ ఇస్తే గుర్తుపట్టి ఇంటికి వచ్చేస్తుందని ఒకసారి రాశాను. బోరంచ జాతర బస్సు ఎంత నిండిందంటే కండక్టర్ వెనక బస్సులో కూర్చుని ఫోన్ మీద టికెట్లు కొట్టాడని ఇంకోసారి. పట్నానికి కూలికీ నౌకరీకీ పోయిన మనోళ్ళు ఆ గప్పా కోసమే మెయిల్ తెరిచేవారు.

వాళ్ళలో ప్రభుదాస్ ఒకడు. సిర్గాపూర్ వాడు, చర్చికి పోయే ఇల్లు, ఇంటర్ పాసయ్యాడు. అతని సెక్యూరిటీ గార్డు నౌకరీకి ఫారం నింపింది నేనే, ఐడీ చేసింది నేనే. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర డ్యూటీ. వచ్చేపోయేవాళ్ళ పేర్లు ఎక్కించే కంప్యూటర్ అతని బల్ల మీదే ఉండేది కాబట్టి నా ఉత్తరం చదవడం తేలిక. భార్య సునంద సిర్గాపూర్‌లోనే ఉండి ఎకరంనర చేను చేసుకునేది. నెలకొకసారి ఇంటికి వెళ్తూ అతను నా దుకాణంలోకి తొంగిచూసేవాడు.

"అన్నా, బర్రె ముచ్చట మా మేనేజర్ సారుకు చెప్పిన. పడిపడి నవ్విండు. గా బర్రెకు ఏ కంపెనీ సిమ్మని అడుగుతుండు."

మొదటి రెండేళ్ళు లిస్టు నాకు ఒక్క రూపాయి తేలేదు. నా వృత్తిలో సిగ్గుపడకుండా చెప్పుకోగలిగినవి ఆ రెండేళ్ళే.

గురువు

పైసలు వచ్చే దారి నేర్పింది హైదరాబాద్‌లో ఒక హోటల్ హాలులో క్లాసు చెప్పిన ఒకాయన. సూటు వేసుకుని, చెమట పట్టకుండా గంటలకొద్దీ మాట్లాడేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవి నిజంగా పనిచేసే సంగతులే, అందుకే చెప్తున్నాను.

ప్రతి ఉత్తరంలో మనిషి పేరు పడేట్టు చెయ్యి. ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. వెయ్యిమందికి రాస్తున్నట్టు కాదు, ఒక్కడికి రాస్తున్నట్టు రాయి. అమ్మాలంటే ఒక ఉత్తరం చాలదు, ఏడు కావాలి. మొదటిదాంట్లో ఆశ పెట్టు. రెండోదాంట్లో పైసలు లేవనే మాటకు జవాబు చెప్పు. మూడోదాంట్లో ఇంట్లోవాళ్ళు వద్దంటారు కాబట్టి దానికి జవాబు చెప్పు. అట్లా ఏడోదాని దాకా. ఏడూ ముందే రాసి యంత్రానికి అప్పగిస్తే, మూడు రోజులకొకటి తనే పంపుతుంది.

"వచ్చే జవాబులు ఏం చెయ్యాలె సార్?" అని అడిగాను.

"జవాబులు పైసలివ్వవు. వాటికి వేరే డబ్బా పెట్టు, మూత తియ్యకు. జవాబులు చదివేవాడు ఈ పని చెయ్యలేడు."

ఆయన్ని మోసగాడనుకోకండి. మనిషి మనసులో ఏ సందేహం తర్వాత ఏ సందేహం వస్తుందో ఆయనకు వరసగా తెలుసు. మోసగాడి చేతిలోనైతే తప్పించుకునే వీలు కొంత ఉంటుంది, ఆయన చేతిలో అది కూడా లేదు.

నేను ఆయన పాఠానికి నా సొంత మెరుగు ఒకటి పెట్టాను. ఉత్తరం మొదట్లో, పేరు తర్వాత, "తిన్నవా?" అని రాశాను. ప్రభుదాస్, తిన్నవా? సంగప్పా, తిన్నవా? అంతే. తెరిచి చూసేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు. కోచింగ్ సెంటర్లవాళ్ళు, షుగర్ తగ్గించే పొడి అమ్మేవాళ్ళు నా దుకాణం వెతుక్కుంటూ వచ్చారు. గురువుకు ఫోన్ చేసి చెప్తే "మాణిక్, నీలో కళ ఉంది" అన్నాడు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుతూ వెళ్ళాను. చెప్పులు అరగలేదు, కావాలంటే మా ఆవిడను అడగండి.

ప్లాట్లు

ఒకరోజు ప్లాట్లు అమ్మే కంపెనీ మనిషి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. పట్నం పోయే రోడ్డు పక్కన వెంచర్ వేశారట. నా లిస్టులోంచి ఎవరు కొన్నా నాకు కమీషన్. ఒక్క మధ్యాహ్నంలో ఏడు ఉత్తరాలూ రాసి యంత్రానికి ఇచ్చేశాను. ఆ జాగాను నేను కళ్ళతో చూడలేదు. చూసి రావడానికి ఒక పూట చాలు. ఆ పూట నేను "నీకోసం" అనే మాట ఎక్కడ పెడితే బాగుంటుందో ఆలోచిస్తూ గడిపాను.

మొదటి ఉత్తరం ఇది: ప్రభుదాస్, తిన్నవా? నీకోసం ఒక ప్లాటు ఆపి పెట్టిన. జల్దీ చెప్పు. నీ మాణిక్.

లిస్టులో ఉన్న ప్రతి మనిషికీ ఇదే వెళ్ళింది, వాళ్ళ వాళ్ళ పేర్లతో.

మూత తీసిన రోజు

మూడు వారాల తర్వాత ఒక పొద్దున దుకాణం తెరిచేసరికి, జవాబుల డబ్బా నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. ఖాళీ చేద్దామని తెరిచాను. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు.

"తిన్న అన్నా. జొన్నరొట్టె, పుంటికూర. నువ్వు తిన్నవా?"

"తినలే అన్నా, పానం బాగలేదు. నువ్వు అడిగినవ్, మా అన్నదమ్ములు కూడ అడగలే."

"తిన్న. నువ్వు వారం వారం యాదిపెట్టుకొని అడుగుతవ్, మంచిగనిపిస్తది."

మా దిక్కున ఎవరైనా తిన్నావా అని అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం మర్యాద కాదు. అడిగినవాడిని తిరిగి అడగకపోవడం ఇంకా తప్పు. కాబట్టి వాళ్ళంతా యంత్రానికి జవాబు చెప్పారు, యంత్రాన్ని తిరిగి అడిగారు. వారం వారం, ఏళ్ళ తరబడి.

వాటి మధ్యలో ప్రభుదాస్ జవాబులు కనిపించాయి. ప్లాటు ఉత్తరాలకు ఒక్కోదానికి ఒక్కోటి. నా ఉత్తరాలను పక్కన పెట్టుకుని వరసగా చదివాను.

నా మొదటిదానికి అతను రాశాడు: "తిన్న అన్నా. నాకోసం ఆపిపెట్టినవా! నా దగ్గర పైసలు లేవు. సిర్గాపూర్ల చేను ఒక్కటే ఉంది. గది అమ్మాల్నా?"

మూడు రోజులకు నా రెండోది వెళ్ళింది: ప్రభుదాస్, పైసలు లేవని వెనకకు జరగకు. ఉన్నదాన్ని కదిలియ్యి.

అతను: "సరే అన్నా. కల్హేర్ షావుకారు ఎప్పటిసంది అడుగుతుండు. కాని సునంద వద్దంటుంది. చేను పోతే ఏం తినాలె అంటుంది."

నా మూడోది: ప్రభుదాస్, ఇంట్ల ముందుగాల వద్దనే అంటరు. రేపు వాళ్ళే మెచ్చుకుంటరు.

అతను: "ఆమె వద్దన్న సంగతి చెప్పిన్నో లేదో, నువ్వు గట్ల జవాబు రాసినవ్. కాగితం మీద తీయించి, ఊరికి పోయి ఆమెకు చూపించిన. మాణిక్ అన్న మనకు తెలిసినోడు, గాయన చెప్పినంక ఇంకేంది అన్న."

ఏడోది కూడా పోయింది: ప్రభుదాస్, ఇదే ఆఖరు. ఇగ తర్వాత నన్ను అడగకు.

దానికి అతని జవాబు ముందు రోజు సాయంత్రం వచ్చింది: "కోపం చెయ్యకు అన్నా. రేపు చేను రిజిస్ట్రీ. పదకొండు గంటలకు ఖేడ్ల ఉంటం. నువ్వు వద్దంటే ఆగుత. ఏం రాయకుంటే చేసేస్త."

గోడ గడియారం చూశాను. పది దాటి ఇరవై నిమిషాలు.

నా తప్పు

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

రిజిస్ట్రీ ఆఫీసు మా సందు నుంచి ఐదు నిమిషాల నడక. చెప్పులు వేసుకుని వెళ్ళి ప్రభుదాస్ భుజం మీద చెయ్యి వేసి ఆపితే సరిపోయేది. నేనేం చేశానంటే, కుర్చీ ముందుకు లాక్కుని మెయిల్ రాశాను. "ప్రభుదాస్, చేను అమ్మకు. ఆ ఉత్తరాలు నీ ఒక్కనికి రాసినవి కావు. మాణిక్." పంపాను.

తర్వాత ఆ మెయిల్ తెరిచాడా లేదా అని చూస్తూ కూర్చున్నాను. తెరిస్తే పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడుతుంది. పడలేదు. మళ్ళీ చూశాను. పడలేదు. అతనికి అప్పటికి ఫోన్ లేదు, కంప్యూటర్ హైదరాబాద్‌లో గేటు దగ్గర ఉంది. అతను నాకు ఐదు నిమిషాల దూరంలో, రిజిస్ట్రీ ఆఫీసు ముందు చెట్టు కింద, చేతిలో పట్టా పాసుబుక్కుతో ఉన్నాడు. ఈ సంగతి నాకు ఆ నిమిషంలోనే తెలుసు. తెలిసీ లేవలేదు.

ఎందుకు లేవలేదని ఇన్నేళ్ళుగా అడుగుతున్నారు, అంటే నన్ను నేనే అడుగుతున్నాను. ఆఫీసు ముందు నలుగురిలో "ఆ ఉత్తరాలు నేను నీకు రాయలే, మిషన్ పంపింది" అని చెప్పాలి. ఆ ముఖం ఎట్లా పెట్టాలో తెలియలేదు. ఏళ్ళ తరబడి ఎదురుగా మనిషి లేకుండా ప్రేమగా మాట్లాడటం అలవాటైంది. ఎదుట మనిషి ఉంటే నోరు రాదు. ఈ పని మనిషికి చేసే మొదటి నష్టం అదే.

రెండు గంటలప్పుడు ప్రభుదాసే నా దుకాణానికి వచ్చాడు, చేతిలో జిలేబీ పొట్లంతో. సునంద గుమ్మం బయట నిలబడింది.

"అన్నా! అయిపోయింది. నోరు తీపి చేసుకో. నీ మాట మీదనే అమ్మిన."

"ప్రభుదాస్, కూసో. ప్లాటు కొనకు."

"ఏంది?"

"గా ఉత్తరాలు నేను నీకు రాయలే. అందరికి ఒక్కటే పోయింది. మిషన్ పేరు మారుస్తది. నీకోసం నేను ఏ ప్లాటు ఆపలే. గా జాగ నేను సూడనే సూడలే."

ప్రభుదాస్ నా ముఖం వంక చూసి పెద్దగా నవ్వాడు. "బర్రెకు ఫోన్ ఇచ్చినవ్, ఇప్పుడు మిషన్‌కు నోరిస్తున్నవా? గప్పాలు నా దగ్గర కొట్టకు అన్నా."

"గప్పా కాదురా. నిజంగ చెప్తున్న. నీకు జవాబులు కూడ నేను రాయలే."

"రాయకుంటే సునంద వద్దన్నదని మిషన్‌కు ఎట్ల ఎరుక?"

నా దగ్గర దానికి జవాబు ఉంది. హోటల్ హాలులో సూటు వేసుకున్న ఒకాయన, ప్రతి ఇంట్లో మూడో ఉత్తరం నాటికి ఇంట్లోవాళ్ళు వద్దంటారని ముందే చెప్పాడు. అది చెప్తే గప్పాల్లోకెల్లా పెద్ద గప్పా అవుతుంది. నేను తడబడటం చూసి అతని నవ్వు తగ్గిపోయింది.

"సమజైంది. ఎవరో ఎక్కువ పైసలిస్తమన్నరు గా ప్లాటుకు. అంతే గద? నాకోసం ఆపి, ఇప్పుడు వేరేటోనికి ఇస్తవా?"

"యేసు మీద ఒట్టు ప్రభుదాస్..."

"నువ్వెప్పుడు యేసును మొక్కినవే?"

బయటి నుంచి సునంద అన్నది: "గాయన వద్దంటుండు గద. ఆగితె ఏం పోతది? రెండు దినాలు ఆగు."

"ఆగితె వేరేటోనికి పోతది. నడువ్, ఇయ్యాలనే కడదం."

జిలేబీ పొట్లం బల్ల మీదే ఉంది. ఆ సాయంత్రమే వాళ్ళు కంపెనీ ఆఫీసులో డబ్బు కట్టారు. నేను ఊరుకుని ఉంటే బహుశా వారం ఆగేవాడేమో. జీవితంలో ఒక్కసారి పూర్తి నిజం చెప్పాను, దానితో అతన్ని తొందరపెట్టాను.

తర్వాత

మరుసటి వానాకాలం ఆ వెంచర్‌లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. రెవెన్యూవాళ్ళు వచ్చి, అది చెరువు శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే జాగా, ఎవరికీ అమ్మడానికి లేదని బోర్డు పాతారు. కంపెనీ ఆఫీసు షట్టర్ అప్పటికే దిగి ఉంది. నాకు రావలసిన కమీషన్ మాత్రం అంతకుముందే వచ్చింది. తీసుకున్నాను.

అప్పుడే లిస్టు మూసేశానని రాస్తే మీకు బాగుంటుంది. మూయలేదు. "తిన్నవా" అనే మాట ఒక్కటి తీసేశాను. తెరిచేవాళ్ళు సగానికి పడిపోయారు. షుగర్ పొడి వాళ్ళు అడిగారు, "ఏమైంది మాణిక్, ఉత్తరం చప్పగైంది?" నెల తిరగకముందే మళ్ళీ పెట్టాను. ఇంకో మూడేళ్ళు ఆ మాట నాకు అన్నం పెట్టింది. మీరు ఈ పనిలోకి వస్తే మీకూ ఇట్లాంటి మాట ఒకటి దొరుకుతుంది. దొరికిన రోజు పండగలా ఉంటుంది. దాన్ని వదిలించుకోవడం నాకు చేతకాలేదు, మీకు చేతనవుతుందని కూడా నేను అనుకోవడం లేదు.

చివరికి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, నా దుకాణానికి వచ్చేవాళ్ళు లేకపోయారు, కాబట్టి మూశాను. పశ్చాత్తాపంతో కాదు. లిస్టులో అందరికీ ఆఖరు ఉత్తరం పంపాను, ఇకనుంచి రాయనని. ఈసారి జవాబుల డబ్బా తెరిచి పెట్టుకున్నాను. ఎక్కువ రాలేదు. వచ్చినవాటిలో ఒకటి ప్రభుదాస్‌ది.

"అన్నా, ఎందుకు బందు పెట్టినవ్? గా దినం దుకాణంల ఎక్కువ మాట్లాడిన. నామీద కోపమొచ్చిందా?"

మెయిల్ రాయబోయి చెయ్యి తీసేశాను. బస్సెక్కి సిర్గాపూర్ వెళ్ళాను.

ప్రభుదాస్ పట్నంలోనే ఉన్నాడు. సునంద వాకిట్లో చాటలో కందులు చెరుగుతోంది. అవి వాళ్ళవి కావు. కల్హేర్ షావుకారు చేనులో కూలికి పోయి తెచ్చుకున్నవి. నన్ను గుర్తుపట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. తిట్టలేదు. నేను తిట్టు కోసమే వెళ్ళానని నీళ్ళు తాగుతుంటే తెలిసింది.

"మంచిగనే వచ్చినవ్ అన్నా," అని లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ సంచిలోంచి బైబిల్ తీసి, దాని అట్ట మధ్యలోంచి కాగితాలు బయటికి తీసింది. నా ఏడు ఉత్తరాలు. ప్రభుదాస్ పట్నంలో ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చినవి. మడతల దగ్గర తెల్లబడ్డాయి.

"గీటికి సంతకం లేదన్నా. మా పెద్దమనిషి ఒకాయన చూసిండు. సంతకం లేని కాగితం ఆఫీసుల చెల్లదన్నడు. మాణిక్ మా కోసం ప్లాటు ఆపిండని గిండ్ల సాఫ్‌గ రాసి ఉంది గద. నీ సంతకముంటే తహసీల్దార్ సారు దగ్గరికి పోత. మాది మాకిస్తరు."

"ప్రభుదాస్ ఏమన్నడు?"

"గాయనకు నిన్ను అడగనీకి మొహమాటం. నాకేం మొహమాటం? పెట్టు."

పెన్ను ఆమే ఇచ్చింది. కాగితాలను చాట బోర్లించి దాని మీద పెట్టింది. "నీ మాణిక్" అని మిషన్ కొట్టిన చోట, దాని కింద, ఏడింటి మీదా సంతకం పెట్టాను. వాటితో ఏ ఆఫీసులోనూ ఏమీ కాదని చెప్పాలని రెండుసార్లు తలెత్తాను. ఆమె నా చేతి వంకే చూస్తోంది, ఒక్కటి కూడా వదలకుండా పెడుతున్నానా అని.

అయిపోయాక కాగితాలు తీసుకుని, అంచులు సమానంగా సర్ది, సిరా ఆరేదాకా ఊదింది.

"గిది చాలన్నా. నువ్వు మంచోనివి," అన్నది.